మాట తెలుగైనా, పాట అరబ్బీలోనే ఉంచండి

సంపాదకులకు నమస్కారం.

‘ది ఐడల్’ (2015) లాంటి అరబ్బీ సినిమాలను తెలుగులోకి తెస్తే పాటలు కూడా డబ్ చేయాలని మీ పాఠకుల పేజీలో ఒకరు కోరారు. మాటల వరకు సరే. పాటల జోలికి మాత్రం వెళ్లవద్దని మా మనవి.

హనీ అబూ అసద్ తీసిన ఆ సినిమాకు ఆధారం మహమ్మద్ అస్సాఫ్ జీవితం. గాజాలోని ఖాన్ యూనిస్ శరణార్థి శిబిరంలో పెరిగి, పెళ్లిళ్లలో పాడుతూ, 2013లో ‘అరబ్ ఐడల్’ టీవీ పాటల పోటీ గెలిచాడు. కైరోలో ఆడిషన్‌కు ఆలస్యమై, హోటల్ గోడ ఎక్కి లోపలికి వెళ్తే ఆడిషన్ నంబరు దొరకలేదు. అతని పాట విన్న మరో పాలస్తీనా పోటీదారు తన నంబరు ఇచ్చేశాడు. కథను మలుపు తిప్పిందే గొంతు. ఆ గొంతు తీసేసి ఇంకేం వినిపిస్తాం?

అరబ్బీలో మన రాగం లాంటిది మఖామ్. వాటిలో ముఖ్యమైన రాస్త్ సంగతే చూడండి. శంకరాభరణ రాగంలో గాంధార నిషాదాలను (గ, ని) పావు స్వరం, అంటే 50 సెంట్లు (స్వరాల మధ్య దూరానికి కొలత) దించితే దాదాపు రాస్త్ వస్తుంది. ఆ గాంధారం సాధారణ గాంధారానికీ (కింది గ) అంతర గాంధారానికీ (పై గ) నడుమ పలుకుతుంది. మామూలు కీబోర్డులో దానికి మెట్టు లేదు. పొట్టి మెడ, గుండ్రటి వీపు ఉన్న తీగ వాద్యం ఊద్‌కు మెట్లే ఉండవు కనుక వేలితో వెతికి పట్టుకుంటారు.

డబ్బింగ్‌లో గాయకుడికి కీబోర్డు మీద వరస వినిపిస్తారు. అతను అంతర గాంధారం పట్టుకుంటాడు. ఒకవేళ సరిగ్గా పాడినా, 12 స్వరాలకు బిగించిన ఆటోట్యూన్ (శ్రుతి సరిదిద్దే సాఫ్ట్‌వేర్) దాన్ని పక్క స్వరంలోకి లాగేస్తుంది. వినడానికి శ్రుతిశుద్ధంగానే ఉంటుంది, మఖామ్ మాత్రం పోతుంది. గాంధార నిషాదాలను సాఫ్ట్‌వేర్‌లో 50 సెంట్లు దించి పెట్టినా చాలదు. రాస్త్ అవరోహణలో నిషాదం తరచు కైశికి నిషాదానికి (ఇంకా కింది ని) దిగుతుంది, గాంధారం ఎత్తు ఊరిని బట్టి మారుతుంది.

ఇక మవ్వాల్ అనే అరబ్బీ గాన పద్ధతి. తాళం లేకుండా ‘యా లైల్, యా ఐన్’ అంటూ సాగే ఆలాపనతో మొదలవుతుంది. రేయిని, కంటిని పిలవడమే దాని అర్థం. సబ్‌టైటిల్‌లో ఒక్కసారి వేసి, తర్వాత తెర ఖాళీగా వదలండి. స్వరం దిగివచ్చి ఆధార స్వరం మీద వాలే చోటును ఖఫ్లా అంటారు. సరిగ్గా అక్కడే జనం ‘అల్లాహ్’, ‘యా సలామ్’ అని కేక వేస్తారు, మనం శభాష్ అన్నట్టు. కొత్త గాయకుడు అరక్షణం అటూ ఇటూ వాలితే ఆ కేక గాలిలో వేలాడుతుంది.

మాట తెలుగులో, పాట అరబ్బీలో ఉంటే అతకదన్న అభ్యంతరం న్యాయమైనదే. అందుకే డబ్బింగ్ కళాకారుణ్ణి మాట తీరు చూసి కాక, అసలు గాయకుడి గొంతుకు దగ్గరగా ఉన్నాడా అని చూసి ఎంచుకోవాలి. పాటకు ముందొచ్చే రెండు మూడు మాటలను మైక్‌కు అదే దూరంలో, పాటలో వినిపించే గది ప్రతిధ్వనితోనే రికార్డు చేయాలి. అతుకు ఎక్కువగా బయటపడేది ఆ రెండు మూడు మాటల దగ్గరే.

ఇట్లు,
డబ్బింగ్ సౌండ్ విభాగంలో పనిచేసేవారు