ఇంట్లో కట్టిన విమానానికీ తనిఖీ ఉంటుంది

సంపాదకుల వారికి,

సొంతంగా విమానాలు తయారుచేసుకునే అమెరికన్ల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. అక్కడ ఎవరైనా విమానం కట్టేసి, అడిగేవాడు లేకుండా ఎగిరిపోవచ్చన్నట్టు రాశారు. అది సరికాదు. నేను ఆర్టీసీ డిపోలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాను. డాలస్‌లో మా అబ్బాయి దగ్గరున్నప్పుడు, వాడి ఆఫీసు స్నేహితుడు ఒకాయన హ్యాంగర్‌లో, అంటే విమానాల షెడ్డులో, వాన్స్ కంపెనీ ఆర్‌వి-7 విమానం కిట్ బిగించుకుంటుంటే పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ణి.

రెండు సీట్ల అల్యూమినియం విమానం అది. రెక్కల పని అప్పటికే అయిపోయింది, నేను చూసిందల్లా వైరింగే. మన బస్సుల్లో వాడే పీవీసీ వైరు అక్కడ పనికిరాదు. కాలితే విషపు పొగ వస్తుంది. బస్సులో పొగొస్తే డ్రైవరు పక్కకి ఆపుతాడు, పైన ఎక్కడ ఆపుతాడు? అందుకని టెఫ్జెల్ అనే తెల్లవైరు వాడతారు. వైరు కొసకి తగిలించే లగ్గులకు టంకం పెట్టరు, సరైన ప్లయర్‌తో గట్టిగా నొక్కి క్రింప్ చేసి, లాగి చూస్తారు. టంకమే గట్టిదని మనవాళ్ళు చాలామంది అంటారు గానీ, అది వైరు పోగుల్లోకి పాకి బిరుసెక్కిస్తుంది. ఇంజిన్ అదురుకి సరిగ్గా అక్కడే తెగుతుంది. బస్సుకి ఎక్కడికక్కడ బాడీకే ఎర్త్ కొడతాం. ఈయన రేడియో, మీటర్ల ఎర్తు వైర్లన్నీ ఒకే చోటికి తెచ్చి బిగించాడు. లేకపోతే హెడ్‌ఫోనులో ఆల్టర్నేటర్ ఈల వేస్తుందట.

నాకు బాగా నచ్చింది మాగ్నెటో స్విచ్చు. బ్యాటరీ లేకుండానే ఇంజిన్‌కి నిప్పురవ్వ ఇచ్చేదే మాగ్నెటో. పాత మోపెడ్లు విప్పినవాళ్ళకి తెలుసు, మాగ్నెటోని ఆపాలంటే దాని వైరుని ఎర్త్ చెయ్యాలి. ఆ వైరు తెగిందా, స్విచ్ ఆఫ్‌లో ఉన్నా మాగ్నెటో బతికే ఉంటుంది. చేత్తో ప్రొపెల్లర్ కాస్త తిప్పితే ఇంజిన్ అంటుకోవచ్చు. అందుకే ఆయన దగ్గర ఎవరైనా ప్రొపెల్లర్ మీద చెయ్యి వేస్తే గట్టిగా కేకలేసేవాడు. నామీదా వేశాడు లెండి.

ఇక రూల్స్. పనిలో సగానికి పైగా కట్టేవాళ్ళే స్వయంగా చెయ్యాలి. అందుకు రుజువుగా ఫోటోలు, లాగ్ పుస్తకం పెట్టుకుంటారు. ఎగిరే ముందు అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ మనిషిగానీ, వాళ్ళు అధికారం ఇచ్చిన మనిషిగానీ వచ్చి చూడాలి. ఆ తర్వాత కూడా మామూలుగా 25 లేదా 40 గంటలు, చెప్పిన హద్దుల్లోనే, ప్రయాణికులు లేకుండా తిప్పి చూడాలి. కాక్‌పిట్ దగ్గర ‘ఎక్స్‌పెరిమెంటల్’ అని పెద్దక్షరాల్లో రాయాలి. ఏటా తనిఖీ తప్పదు. మన దేశంలోనూ ముంబై మేడమీద విమానం కట్టిన పైలట్ అమోల్ యాదవ్‌కి, 2017లో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రిజిస్ట్రేషన్ వచ్చేదాకా ఏళ్ళ తరబడి తిరగాల్సి వచ్చింది.

బైక్ ఇంజిన్‌తో విమానం చేశాడంటూ మన కుర్రాళ్ళ మీదా అప్పుడప్పుడు వార్తలు వేస్తుంటారు. వెయ్యండి, తప్పులేదు. కాకపోతే ఈసారి మీ ఫోటోగ్రాఫర్‌ని డాష్‌బోర్డు వెనక కూడా ఒక ఫోటో తియ్యమనండి. ఏ డిపోలో పాత ఎలక్ట్రీషియన్‌కి చూపించినా ముందు ఎక్కడ కాలుతుందో చెప్పేస్తాడు.

— ఆర్టీసీ విశ్రాంత ఎలక్ట్రీషియన్, తెనాలి