ఈ రోజుకు పక్కన పెట్టడమైనది

గ్లెన్ ఆలెన్, వర్జీనియా
11 ఫిబ్రవరి 2026, రాత్రి

చిరంజీవి శ్రీధర్‌కు నాన్న ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. నీ క్షేమం తెలిసి ఇవాళ్టికి పదిహేడు రోజులు.

ఫోను చేస్తే ఎత్తవు. సందేశం పెడితే రెండు నీలం గీతలు పడతాయి, అంతే. అందుకని పాత పద్ధతికే వచ్చాను. వనజ వాళ్ళ అబ్బాయి శుక్రవారం హైదరాబాదు బయలుదేరుతున్నాడు, పెట్టెలో కిలో బరువుకు చోటుందన్నాడు. ఈ కవరు, బాదం పప్పు, నీ మోకాలికి మీ అక్క కొన్న పట్టీ పంపుతున్నాను. బాదం రాత్రి నానబెట్టి పొట్టు తీసి తిను. పచ్చివి నమిలితే నీకు అరగవు.

రాయడానికి ప్రత్యేకమైన కారణమేమీ లేదు. నిన్న ఒక చోటు చూసి వచ్చాను, నీతో చెప్పాలనిపించింది. పిల్లలకు పౌరశాస్త్రం చెప్పేవాడివి కదా, పనికొస్తుంది. ఇప్పటికీ చెబుతున్నావనే అనుకుంటున్నాను.

రిచ్‌మండ్‌లో ఈ రాష్ట్రపు శాసనసభా భవనం ఉంది. మీ బావ ఆఫీసుకు వెళుతూ నన్ను గేటు దగ్గర దించాడు. మీ అమ్మ రానంది. చలికి భయపడి, ఆ భయాన్నంతా నా ఒంటిమీద వేసింది: రెండు స్వెటర్లు, మంకీ క్యాప్, పైన బావ కోటు. తనిఖీ దగ్గర అవన్నీ విప్పి మళ్ళీ తొడుక్కోవడానికే పావుగంట పట్టింది. ఎవరింటి పిల్లాడో, కాపలా కుర్రాడు కోటు చెయ్యి పట్టుకుని తొడిగించాడు.

కట్టడం జెఫర్సన్ గీసిన నమూనా. ఫ్రాన్స్‌లోని ఒక పాత రోమన్ గుడిని చూసి గీశాడట. బయటినుంచి చూస్తే గుమ్మటం కనిపించదు, లోపలికి వెళ్ళి తలెత్తితే ఉంటుంది. దాని కింద వాషింగ్టన్ పాలరాతి విగ్రహం, నిలువెత్తు మనిషి. హూడన్ అనే శిల్పి ఫ్రాన్స్ నుంచి వచ్చి ఆయన కొలతలు స్వయంగా తీసుకుని చెక్కాడు. చేతిలో కర్ర, పక్కన తీసి పెట్టిన కత్తి, కాళ్ళ వెనకాల నాగలి. నాగలి ఎందుకని అడిగితే, పదవి అయిపోగానే పొలానికి వెళ్ళిపోయే మనిషని చెప్పడానికట. నేను ఆ నాగలి దగ్గర చాలాసేపు నిలబడ్డాను. అంతటివాడు కూడా తన పని వదిలిపెట్టలేదు, వెనకాలే ఉంచుకున్నాడు. ఊరికే చెబుతున్నాను.

ఇక్కడి ఎగువ సభ పేరు సెనేటు, మధ్యాహ్నం పన్నెండుకు కూడింది. మొత్తం నలభై మంది. నవ్వొచ్చింది, మన తెలంగాణ శాసనమండలి కూడా నలభయ్యే. కానీ ఇక్కడ నలభై మందినీ జనమే నేరుగా ఎన్నుకుంటారు. మన దగ్గర పద్నాలుగు ఎమ్మెల్యేలవి, పద్నాలుగు స్థానిక సంస్థలవి, ఆరు నామినేషన్లు, ఉపాధ్యాయులవి మూడు. పట్టభద్రులవి మూడే మూడు. ఇక్కడ సెనేటుకు నిలబడాలంటే ఇరవై ఒక్క ఏళ్ళు నిండితే చాలు. మన మండలికి ముప్పై. నీకు మొన్న కార్తికంలో ముప్పై నిండాయి. ఇంట్లో అందరం అది పెళ్ళి వయసనుకుంటున్నాం.

ముందు ప్రార్థన. తరువాత గ్యాలరీకి వచ్చిన అతిథులను ఒక్కొక్క సభ్యుడు లేచి పరిచయం చేయడం. స్కూలు పిల్లలు, నర్సులు, ఏదో ఊరి అగ్నిమాపక దళం. పేరు చెప్పగానే వాళ్ళు నిలబడతారు, సభంతా చప్పట్లు కొడుతుంది. ఈ మర్యాదకే అరగంట పోయింది. మన సభలో అంతసేపట్లో రెండు వాయిదాలు పడేవి. తరువాత అసలు పని. వివాదం లేని బిల్లులన్నీ కలిపి గుత్తగా ఓటుకు పెట్టేశారు. బల్ల మీద మీట నొక్కుతారు, గోడ మీది పలకలో పేరు పక్కన ఆకుపచ్చ దీపమో ఎర్ర దీపమో వెలుగుతుంది. నలభైకి సున్నా, నలభైకి సున్నా. అంతలో ఒకటి వచ్చింది, ఇరవై ఒకటి, పంతొమ్మిది. ఈ సభలో పార్టీల బలం సరిగ్గా అంతే, కనుక ఆ అంకె కనబడగానే ఎక్కడ చీలారో తెలిసిపోతుంది. చీలినవాళ్ళే కాసేపటికి ఒకరి బల్ల దగ్గరికి ఒకరు వెళ్ళి భుజం తట్టుకుంటున్నారు.

రాజ్యాంగం ప్రకారం ఒక్కో బిల్లును మూడు వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చదవాలట. మొత్తం చదవరు, శీర్షిక చదువుతారు. అయినా మూడు రోజులు. ఉద్దేశం మంచిది కదా. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేముందు సోమవారం ఒకసారి, మంగళవారం ఒకసారి, బుధవారం ఒకసారి చదివితే, బుధవారానికి చాలామంది చించేస్తారు. రాజీనామా కాగితమే కానక్కరలేదు, ఏ కాగితమైనా.

సరే, అసలు ఎందుకు వెళ్ళానో చెప్పలేదు. పైన కుర్చీలో కూర్చుని సభ నడిపేది లెఫ్టినెంట్ గవర్నరు. ఈ జనవరి నుంచి ఆ కుర్చీలో ఉన్నది గజాలా హష్మి, మన హైదరాబాదులో పుట్టిన మనిషి. నాలుగేళ్ళప్పుడు ఈ దేశం వచ్చారు. ‘మేడమ్ ప్రెసిడెంట్’ అని నలభై మందీ ఆమెను చూసి మాట్లాడుతుంటే, ఆ ఊళ్ళో ముప్పై ఆరేళ్ళు సభల్లో కూర్చుని సభ్యుల మాటలు షార్ట్‌హ్యాండులో రాసినవాణ్ణి, నాకు ఒక రకంగా గర్వంగానే అనిపించింది. ఓట్లు సమానమైతే తప్ప ఆమెకు ఓటు లేదు. మన రాఘవులు చిన్నాన్న లాగా, పెద్దరికం చాలా, హక్కు కొంచెం.

నీకు చెప్పదలచినది అది కాదు. ఆమె దాదాపు ముప్పై ఏళ్ళు కాలేజీలో సాహిత్యం పాఠాలు చెప్పారు. ఆ తరువాత 2019లో, యాభై అయిదో ఏట సెనేటుకు గెలిచారు. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాక. నీకు నియామక పత్రం చేతికి వచ్చి వచ్చే నెలకు ఏడాది అవుతుంది. దానికోసం నోటిఫికేషన్ నుంచి ఎన్నాళ్ళు కాచుకున్నావో, ఆ రోజుల్లో మన ఇంట్లో పొద్దున్నే ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళం కాదని నీకు గుర్తుందో లేదో. మీ అమ్మ ఆ పత్రాన్ని పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టింది. ప్రొబేషన్ కూడా పూర్తికాలేదు.

రాఘవులు చిన్నాన్న ఫోను చేశాడు. దాచడం ఎందుకు. పాలమూరు బస్టాండు ఎదురుగా హోటల్లో నిన్ను చూశాడట, పక్కన నలుగురు కుర్రవాళ్ళు, బల్ల మీద పట్టభద్రుల ఓటు నమోదుకు పెట్టే ఫారం 18 కట్ట. వచ్చే ఏడాది మార్చికి మన పట్టభద్రుల సీటు ఖాళీ అవుతుంది కనుక ‘మనవాడు దిగుతున్నాడంటగా’ అన్నాడు. నేను నాకు తెలుసన్నట్టే ‘ఊఁ’ అన్నాను. నాకు తెలియదని ఎలా చెప్పను?

అది వదిలేయి. ఇక్కడి సభ్యుల జీతం ఏడాదికి 18 వేల డాలర్లు. ఈ దేశంలో దాంతో ఇల్లు గడవదు. సరి సంవత్సరంలో అరవై రోజులు, బేసి సంవత్సరంలో అంతకన్నా తక్కువ రోజులు సభ, మిగిలిన కాలమంతా ఎవరి వృత్తి వాళ్ళది. వకీళ్ళు, డాక్టర్లు, టీచర్లు, రైతులు. అందరికీ వెనకాల ఒక నాగలి ఉంది. మన దగ్గర సర్కారు కొలువులో ఉండి పోటీ చేయడం కుదరదు, వదిలేసి దిగాలి. ఓడితే నాగలి ఏది?

2021లో నేనూ మీ అమ్మా ఆ సీటుకు ఓటు వేశాం. తొంభై మూడు మంది అభ్యర్థులు. బ్యాలెట్ దినపత్రిక అంత ఉంది, మడవడం చేతకాక మీ అమ్మ చీర మడిచినట్టు మడిచింది. లెక్కింపు రోజుల తరబడి సాగి, ఒక్కొక్కరినీ తీసేస్తూ పోయి, చివరికి పీవీ గారి అమ్మాయి గెలిచారు. తొంభై రెండు మంది ఇళ్ళకు వెళ్ళారు. ఆ తొంభై రెండు మందికీ నాన్నలు ఉంటారు.

ఇంకొక తమాషా. గ్యాలరీలో కూర్చోగానే నా చేయి దానంతట అదే జేబులోకి పోయింది. పెన్సిలు ఉంది, కాగితం లేదు. మందుల దుకాణం రసీదు వెనకాల షార్ట్‌హ్యాండులో రాయడం మొదలుపెట్టాను. పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ అది అరబ్బీనా అని అడిగింది. కింద మాలాగా అక్షరం వదలకుండా రాసుకునేవాళ్ళు ఎవరూ కనిపించలేదు. జర్నల్‌లో తీర్మానాలు, ఓట్లు ఎక్కుతాయట, మాటలకు వీడియో ఉంది. మేము పది నిమిషాలకొకరం చొప్పున మారేవాళ్ళం, గుర్తుందా, ఇంటికొచ్చాక అన్నం కలుపుతుంటే కూడా నా వేళ్ళు రాస్తూనే ఉండేవని నువ్వు ఏడిపించేవాడివి.

ఆ రసీదు మీద రాసుకున్న మాటల్లో ఒకటి నాకు బాగా నచ్చింది. ఒక బిల్లు చర్చకు రాగానే సభ్యుడు లేచి ‘దీన్ని ఈ రోజుకు పక్కన పెట్టండి’ అన్నాడు. సరేనన్నారు. రేపు మళ్ళీ వస్తుంది, రేపు మళ్ళీ పక్కన పెట్టవచ్చు. నా ఫోన్లకు నువ్వు చేస్తున్నది ఇదేనని అర్థమైంది. అదే కమిటీలో అయితే ‘నిరవధికంగా పక్కన పెట్టు’ అనే తీర్మానం ఉందట, అంటే చంపేసినట్టే, మాట మాత్రం మెత్తగా ఉంటుంది. మనం ఇంకా అంతదాకా రాలేదనుకుంటాను.

తాత సంగతి నీకు ముక్కలుముక్కలుగా తెలుసు. మొత్తం చెప్పలేదు. ఊరి భూముల లెక్కలు రాసే పట్వారీ కొలువులు, తాతదీ అందులో ఒకటి, 1984 జనవరిలో రద్దయ్యాయి. రామారావు గారి ప్రభుత్వం, ఆర్డినెన్సు. నేను అప్పటికి మండలిలో చేరి మూడో ఏడు. తాత సాయంత్రం జొన్నరొట్టె తింటూ రేడియోలో ప్రాంతీయ వార్తలు విన్నాడట. రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టి లేచి, పహాణీల, అంటే ఆ భూముల లెక్కల, బస్తా ముడి విప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ విప్పి, రాత్రంతా అలాగే చేశాడని నానమ్మ చెప్పింది. నాలుగో రోజున నాకు కార్డు వచ్చింది. తాత చేతిరాత తెలుసు కదా, ఉర్దూ అయినా తెలుగయినా ముత్యాలే. రెండే వాక్యాలు. ‘ఆ కచేరీలోనే కూర్చుంటావు. నాకొక మాట ముందు చెప్పలేకపోయావా?’

నాకు తెలిస్తే కదా! ఆర్డినెన్సు సభకు ముందుగా రాదు. ఆ మాట కార్డులో రాస్తే ఆయన నమ్మలేదు. బస్సెక్కి వచ్చాడు. సభ జరిగే రోజుల్లో పాసు తీసి గ్యాలరీలో కూర్చోబెట్టాను. కింద నేను రాస్తున్నాను, పైన ఆయన నన్ను చూస్తున్నాడు. బయటికి వచ్చాక ‘మా దానికి వీళ్ళలో ఎవరెవరు చెయ్యెత్తారు?’ అని అడిగాడు. ఎవరూ ఎత్తలేదు బాపూ, సభ దాకా రాకుండానే అయిపోయిందన్నాను. ‘మరి ఇంతమంది ఎందుకు?’ అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. పబ్లిక్ గార్డెన్స్ గేటు దగ్గర పల్లీలు కొనిపెట్టాను. తినలేదు, రుమాలులో కట్టుకుని ఊరికి తీసుకుపోయాడు.

ఆ రద్దు తప్పని నేను అనను. పట్వారీ చేతిలో కలం ఉన్నంతకాలం ఊళ్ళో ఎవరి పొలం ఎవరిదో ఆ కలం ఇష్టం. రద్దయిన రోజు మన ఊళ్ళో కొబ్బరికాయలు కొట్టినవాళ్ళున్నారు, వాళ్ళ కోపం నాకు తెలుసు, మన తాత మీద కూడా ఉండేది. కొలువు పోయినందుకు ఆయన పెద్దగా బాధపడ్డాడనీ అనుకోను. కొడుకు అక్కడే ఉండి కూడా తనకు రేడియో చెప్పింది, అది మింగుడుపడలేదు. మరుసటి ఏడాది పార్లమెంటు చట్టం చేసి, 1985 జూన్ ఒకటిన మా మండలినే రద్దు చేసింది. మమ్మల్ని అసెంబ్లీ వైపు సర్దారు. అప్పుడు తాత మళ్ళీ కార్డు రాశాడు: ‘నా కొలువు పోయె, నీ సభ పోయె. చెల్లుకు చెల్లు.’ 2007లో మండలి తిరిగి వచ్చేసరికి ఆయన లేడు.

ఇప్పుడు రాఘవులు చిన్నాన్న నాకు రేడియో అయ్యాడు.

కాలేజీకి వేళకు వెళ్ళు. సెలవు పెట్టి పాలమూరు తిరుగుతుంటే ప్రిన్సిపాలు ఊరుకోడు. మధ్యాహ్నం హోటలు భోజనం మాను, హోటలు నూనె నీకు పడదని ఎన్నిసార్లు చెప్పాను. పెరట్లో కరివేపాకుకు రోజు విడిచి రోజు నీళ్ళు పోయి. గ్యాస్ బండ వాల్వు రాత్రిపూట కట్టెయ్యి. సావిత్రి అత్తకు ఫోను చెయ్యి, మాకు చెయ్యకపోయినా సరే. ఆదివారం ఇక్కడ ఉదయం ఎనిమిదికి, నీకు సాయంత్రం ఆరున్నరకు, ఫోను చేతిలో పెట్టుకుని కూర్చుంటాను. అవునో కాదో నువ్వే చెప్పు. మీ అమ్మకు నేనేమీ చెప్పలేదు, పక్కగదిలోంచి అంతా వినే ఉంటుంది.

ఆశీస్సులతో
నాన్న

ఇంకొక మాట. జాబితా ప్రతిసారీ కొత్తగా రాస్తారు కనుక పాత ఓటు చెల్లదు. నమోదు ఎప్పుడు మొదలైనా నాకూ అమ్మకూ రెండు ఫారం 18లు తీసి ఉంచు. నా బి.కాం. పట్టా బీరువా పై అరలో, నీలం ఫైలులో ఉంది. నకలు మీద గెజిటెడ్ అధికారి సంతకం కావాలి. అసలు పట్టా మాత్రం లామినేషన్ చేయించకు.