పిల్లల కళ్లజోడు తీయించకండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో కంటి వ్యాయామాలతో సైటు పోగొట్టుకోవచ్చని, ఆర్నెల్లు చేస్తే కళ్లజోడు అవసరమే ఉండదని వ్యాసం వచ్చింది కదండీ, దాన్ని మా వీధిలో ముగ్గురు కత్తిరించి దాచుకున్నారు. అందులో ఒకావిడ ఆరో తరగతి చదివే వాళ్లబ్బాయి కళ్లజోడు సోమవారం పొద్దున్నే బీరువాలో పెట్టి తాళం వేసేసింది. అది చూశాక ఊరుకోలేక రాస్తున్నాను. మూడేళ్ల కిందట నేను మా అమ్మాయికి చేసింది అచ్చం అదే.

మాది నర్సాపురం దగ్గర పల్లెటూరు. పదమూడో ఏట మా అమ్మ పక్కన కూర్చుని లేసు అల్లడం నేర్చుకున్నాను, ఇప్పుడు నాకు 47. మధ్యాహ్నం వంటపని అయ్యాక వీధరుగు మీద కూర్చుంటే వెలుతురు ఉన్నంతసేపూ అదే పని. తెల్ల దారం, సన్న సూది, పువ్వులో ఒక్క కన్నం తప్పిందంటే ఆ వరసంతా ఒక పక్కకి లాగేస్తుంది, ఊడదీసి మళ్లీ అల్లాల్సిందే. 43 వచ్చేసరికి ఆ కన్నాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినట్టు కనబడేవి. పనిని కాస్త దూరంగా పట్టుకున్నాను, ఇంకాస్త దూరం, చివరికి చెయ్యి చాలలేదు. పువ్వుల్ని కలిపే అతుకుపనైతే సాయంత్రం నాలుగు దాటితే నావల్ల అయ్యేది కాదు, ఏజెంటు రెండుసార్లు సరుకు తిప్పి పంపేశాడు. ఆ మరుసటేడే ఏడో తరగతికి వెళ్లబోతున్న మా అమ్మాయికి మైనస్ ఒకటింపావు సైటు ఉందని, అంటే దూరంవి మసగ్గా కనబడుతున్నాయని తేలింది.

ఆ వేసవిలో దగ్గర్లోని టౌన్లో 21 రోజుల కంటి శిబిరం పెట్టారు. ఎవరు పెట్టారో రాయను, వాళ్లు నమ్మే చెప్పారనుకుంటాను. కళ్లజోడు అలవాటు చేస్తే కన్ను సోమరిపోతవుతుంది, తీసేస్తే తనంతట తనే దారికొస్తుంది అన్నారు. అరచేతులు రుద్దుకుని కళ్లమీద కప్పుకోవడం, బొటనవేలిని చూస్తూ కళ్లు గుండ్రంగా తిప్పడం, చీకటి గదిలో దీపాన్ని రెప్ప వాల్చకుండా చూడటం, పొద్దున్నే కాలవగట్టున నిలబడి సూర్యుడి కేసి చూడటం. ఈ చివరిది తొమ్మిది రోజులు చేశాం. తొమ్మిదో రోజు ఎటు చూసినా నల్లటి చుక్క కళ్లముందే తిరుగుతుంటే భయపడి మానేశాం. ఆ పని మాత్రం ఎవరూ చేయకండి, మీకు దణ్ణం పెడతాను. సూర్యుడి వెలుగు కంటి లోపలి పొరని కాల్చేయగలదట, ఆ పొరకి నొప్పి తెలియదు కాబట్టి కాలుతున్న సంగతే మనకి తెలియదు.

మొదటి నెల మాకు చాలా నమ్మకం కలిగింది. గోడమీద అంటించిన అక్షరాల పటంలో కింద వరస కూడా మా అమ్మాయి గడగడా చదివేసేది. జూన్లో బడి తెరిచారు. అక్టోబరు దాకా ఐదు నెలలు పిల్ల అద్దాల్లేకుండానే వెళ్లింది, అదీ నేను పంపితేనే. లెక్కల మాస్టారు నన్ను పిలిపించి నోటు పుస్తకం తెరిచి చూపించారు. 8 ఉండాల్సిన చోట 3, తీసివేత గుర్తు ఉండాల్సిన చోట ఏమీ లేదు, కొన్ని పేజీలైతే పక్క పిల్ల రాసింది తప్పులతో సహా అలాగే దిగిపోయింది. బోర్డు కనబడటం లేదని నాకు ఎందుకు చెప్పలేదే అంటే, "చెబితే ఎక్సర్‌సైజులు సరిగ్గా చేయట్లేదని తిడతావేమో అనుకున్నానమ్మా" అంది. ఈ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

పరీక్ష చేయిస్తే మైనస్ రెండు. ఆప్టోమెట్రీ, అంటే కళ్లు పరీక్షించి అద్దాలు రాసే చదువు, చదివి కంటాసుపత్రిలో పనిచేస్తున్న మా మేనల్లుడు పండక్కి వచ్చినప్పుడు కూర్చోబెట్టి చెప్పాడు. "వ్యాయామం వల్ల పెరగలేదు అత్తా, ఆ వయసులో ఎలాగూ పెరిగేదే. కాకపోతే దానివల్ల ఆగదు." కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుందట. దూరం కనబడని పిల్లల్లో చాలామందికి ఆ గుడ్డే కొంచెం పొడుగ్గా సాగి ఉంటుంది. ఒక్క మిల్లీమీటరు సాగితే రెండున్నర నుంచి మూడు పాయింట్ల సైటు వచ్చేస్తుంది. కన్ను చుట్టూ ఉన్న ఆరు కండరాలు కన్నుని అటూ ఇటూ తిప్పడానికే ఉన్నాయి, వాటినెంత తిప్పినా సాగిన గుడ్డు మళ్లీ పొట్టిగా అవ్వదు. నాది చత్వారం. నలభై దాటాక కంటి లోపలి లెన్సు బిరుసెక్కిపోతుంది, దాన్ని మెత్తబరిచే వ్యాయామం లేదు. ఈ అరచేతులూ సూర్యుడూ న్యూయార్కులో బేట్స్ అనే కంటి డాక్టరు చెప్పినవట, 1920లో పుస్తకం కూడా వేశాడు. చూపు దగ్గరికీ దూరానికీ మారడం బయటి కండరాల వల్లే అని ఆయన నమ్మాడు, ఆ పని చేసేది లోపలి లెన్సు.

మరి నెలరోజులు బాగా కనబడింది కదరా అన్నాను. పటం కంఠతా వచ్చేసింది, అదొకటి అన్నాడు. మసగ్గా ఉన్నదాన్నే పోల్చుకోవడం మెదడుకి కొంత అలవాటవుతుంది, ఎండలో కంటిపాప చిన్నదై చూపు కాస్త తేటపడుతుంది, కళ్లు చికిలించినా అంతే. ఇది మీరూ చూడొచ్చు. నేను పాత శుభలేఖ అట్టకి సూదిమొనతో చిన్న చిల్లు పొడిచి, కళ్లజోడు తీసి, అందులోంచి మీ పేపర్లో చిన్నక్షరాలు చదివాను. చక్కగా కనబడ్డాయి. అట్ట తీసేస్తే మళ్లీ మసకే. నా కన్ను ఆ క్షణంలో బాగుపడలేదు కదా.

అలాగని అన్నీ తీసిపారేయమనను. గంటల తరబడి లేసు మీదో ఫోను మీదో వంగి ఉండేవాళ్లు ప్రతి 20 నిమిషాలకీ 20 అడుగుల దూరం, 20 సెకన్లు చూస్తే కళ్లకి నిజంగానే విశ్రాంతిగా ఉంటుంది, మంట తగ్గుతుంది. తదేకంగా చూస్తూ రెప్ప వేయడం మర్చిపోతాం, దాంతో కళ్లు ఎండిపోతాయి. నేను ఇప్పటికీ అరచేతులు కప్పుకుంటాను, తలనొప్పికి హాయిగా ఉంటుంది. చదివేటప్పుడు రెండు కళ్లూ దగ్గరికి సరిగ్గా కలవక అక్షరాలు రెండుగా కనబడే పిల్లలకి డాక్టర్లే వ్యాయామాలు చేయిస్తారు, వాళ్లకి గుణం కనిపిస్తుంది. అది వేరే సమస్య, పరీక్ష చేస్తే గానీ తెలియదు. ఇంకొకటి, పిల్లల్ని పగటివేళ ఆరుబయట తిరగనివ్వండి. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లల్ని బడి రోజుల్లో 40 నిమిషాలు అదనంగా బయటికి పంపి చూశారు, ఆ ఫలితం 2015లో వచ్చింది. మూడేళ్లలో కొత్తగా సైటు వచ్చినవాళ్లు మామూలు బళ్లలో 100కి 40 మంది దాకా ఉంటే, వీళ్లలో 30 మంది. ట్యూషను మానిపించి ఆటకి పంపమంటే మన ఊళ్లలో ఎవరూ ఒప్పుకోరు గానీ, కాలవగట్టు మీద క్రికెట్టు ఆడే పిల్లాణ్ణి మాత్రం కాసేపు ఆడుకోనివ్వండి.

ఇదంతా ఆడపిల్లల ఇళ్లలో ఎందుకు ఇంత తొందరగా అంటుకుంటుందో కూడా రాయాలి. అద్దాల పిల్ల అంటే సంబంధాలు వెనక్కి పోతాయనే భయం. మా అత్తగారు అదే అన్నారు, నేను కాదనలేకపోయాను. పదమూడేళ్ల పిల్లకి బోర్డు కనబడకపోతే మనకి పట్టలేదు, ఎప్పుడో వచ్చే పెళ్లివారి కళ్లకి ఎలా కనబడుతుందో అని బెంగ పెట్టుకున్నాం. తల్లిగా నాది పెద్ద తప్పు, ఒప్పుకుంటున్నాను.

కొత్త కళ్లజోడు పెట్టుకున్న రోజు అటునుంచి అటే నర్సాపురం రేవుకి వెళ్లాం. గోదావరి దాటించే పంటు పడవ అవతలి ఒడ్డు నుంచి బయల్దేరుతోంది. మా అమ్మాయి సఖినేటిపల్లి గట్టు కేసి చాలాసేపు చూసి, "అక్కడ కొబ్బరాకులు విడివిడిగా ఉన్నాయమ్మా, నేనింతకాలం ఒకటే పచ్చ ముద్ద అనుకున్నాను" అంది. నేను కూడా ఆ వారమే చత్వారం అద్దాలు తీసుకున్నాను, ఇప్పుడు సాయంత్రం ఆరింటికి లైటు కింద కూడా అతుకుపని చేస్తున్నాను.

అయ్యా, మీ పేపర్ని మా ఊళ్లో నమ్ముతారు. అందుకే అడుగుతున్నాను, ఆ వ్యాసం వేసిన చోటే, అంతే పెద్ద అక్షరాలతో, ఒక కంటి డాక్టరు చేత జవాబు రాయించి వేయండి. సూర్యుణ్ణి చూడకూడదని అందులో తప్పకుండా ఉండాలి. షుగరు ఉన్నవాళ్లు, నీటికాసులు ఉన్నవాళ్లు వ్యాయామాలని నమ్ముకుని చుక్కల మందు, పరీక్షలు మానేస్తే పోయిన చూపు చాలావరకు తిరిగిరాదని కూడా రాయించండి. 2019లో ప్రభుత్వం వైఎస్సార్ కంటి వెలుగు పథకం మొదలుపెట్టినప్పుడు ముందు బడి పిల్లలకే పరీక్షలు చేశారు, అలాంటిది ప్రతి ఏడూ జూన్లో బడి తెరవగానే జరగాలని మీరు గట్టిగా రాస్తే అధికారుల దాకా వెళుతుంది.

మా వీధిలో ఆ పిల్లాడి తల్లితో రెండు రోజులు మాట్లాడాను. కళ్లజోడు ఇంకా బీరువాలోనే ఉంది గానీ, గురువారం భీమవరం తీసుకెళ్లి పరీక్ష చేయించడానికి ఒప్పుకుంది. నేనూ వాళ్లతో వెళ్తున్నాను.

ఇట్లు,
ఒక లేసు కార్మికురాలు,
నర్సాపురం మండలం, పశ్చిమగోదావరి జిల్లా