నర్సే గడప తొక్కాలి
మా బస్తీ ఆరోగ్య కేంద్రంలో పిల్లల టీకాలు బుధ, శనివారాల్లో, అదీ పగటిపూటే వేస్తుండటంతో ఇళ్లలో పనిచేసుకునే తల్లులు బిడ్డల్ని తీసుకెళ్లలేకపోతున్నారు. మా పనమ్మాయి పోయిన నెల ఒకపూట పని మానుకుని వెళ్తే, వంతు వచ్చేసరికి వేళైపోయిందని పంపేశారు. రెండిళ్లవాళ్లు జీతం కోసుకున్నారు కూడా. 1908 వేసవిలో న్యూయార్క్ నగర ఆరోగ్యశాఖలోని డాక్టర్ సారా జోసెఫిన్ బేకర్ తల్లులే వస్తారని ఎదురుచూడలేదు. జనన నమోదు పత్రాల్లోంచి చిరునామాలు తీసి, ఒక పేటలోని వలస కూలీల ఇరుకు వాటాలకు 30 మంది నర్సుల్ని పంపారు. తల్లిపాలు, రోజూ స్నానం, గాలి, పలచని బట్టలు... వాళ్లు చెప్పింది ఇంతే. ఆ పేటలో అంతకుముందు వేసవికన్నా 1,200 శిశు మరణాలు తగ్గాయి. అమ్మ పనికి పోతే పసివాళ్లను ఎత్తుకు తిరిగేది 12 ఏళ్ల అక్కలేనని గమనించి, తర్వాత వాళ్లకూ శిక్షణ ఇప్పించారు. మనకు జనన నమోదూ ఉంది, ఆశా కార్యకర్తలూ ఉన్నారు. కాన్పయిన వారంలోపే ఆ చిరునామా బస్తీ నర్సు చేతికి అందాలి. వారంలో ఒకరోజైనా కేంద్రాన్ని సాయంత్రం 5 నుంచి 8 దాకా తెరవాలి. అదనపు భత్యం ఇవ్వకుండా మాత్రం ఈ పని ఆశాల నెత్తిన పెట్టొద్దు.
— ఒక పాఠకురాలు, హైదరాబాద్