పనసచెట్టు కేసు మళ్ళీ తెరిచారురా

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బొండాం,

ముందు తిట్టెయ్, తర్వాత చదువు. నీ ఉత్తరానికి దసరాకి జవాబు రాస్తానన్నాను, దీపావళికి రాస్తానన్నాను, ఇప్పుడు కోతలు కూడా సగం అయిపోయాయి. వాట్సాప్‌లో నువ్వు "ఏరా" అంటే నేను "ఊ" అనడంతోనే సరిపోతోంది. ఈ సంగతి మాత్రం బొటనవేలితో కొట్టేది కాదు. అందుకే మా వాళ్ళందరూ పడుకున్నాక మూడో తరగతి పిల్లాడి నోట్సు నుంచి నాలుగు కాగితాలు చింపుకుని కూర్చున్నాను.

అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. చిన్నదానికి రెండు పళ్ళొచ్చాయి, రెండింటితోనూ నన్నే కరుస్తోంది. బదిలీ రాలేదు. నీ గొడుగు ఇంకా నా దగ్గరే ఉంది, ఇవ్వను. కబుర్లు అయిపోయాయి.

నేను సూది వేయించుకున్నాను.

నవ్వకు. నువ్వు నవ్వుతావని తెలిసే ఇన్నాళ్ళూ ఆగాను. ఏడో తరగతిలో సూదుల జీపు వచ్చిందని నేను పనసచెట్టెక్కితే, కింద నిలబడి "సార్, ఇక్కడొకటి పండింది, దింపండి" అని అరిచిన ద్రోహివి నువ్వు. ఆ కేసు ఇన్నేళ్ళకి మళ్ళీ విచారణకొచ్చింది. ఈసారి మాత్రం ఎవరూ పట్టుకుని దింపలేదు, నేనే దిగాను. ఎలాగంటే...

ఉండు, మొదటి నుంచి చెప్తాను. మా అయిదో తరగతి పిల్లలకి టీడీ సూది వెయ్యాలని కబురొచ్చింది. మన చిన్నప్పుడు టీటీ అనేవాళ్ళమే, అదే. ఇప్పుడు ధనుర్వాతంతో పాటు కంఠసర్పికీ, అదే డిఫ్తీరియాకీ, కలిపి టీడీ అంటున్నారు. పదేళ్ళప్పుడొకటి, పదహారేళ్ళప్పుడొకటి. పసితనంలో వేసిన సూదుల బలం పోనుపోనూ తగ్గుతుంది కాబట్టి మళ్ళీ గుర్తు చేయడమన్నమాట. నా క్లాసులో 23 మంది. అందరిళ్ళకీ సమ్మతి కాగితాలు పంపాను. సంతకాలతో వెనక్కొచ్చినవి ఎనిమిది. మిగతావి కొన్ని ఖాళీగా వచ్చాయి, కొన్ని రానే లేదు, ఒకదాంతో మాత్రం పడవ చేశారు. పడవ బాగానే చేశాడు వెధవ.

కారణం నాకు తెలుసనుకున్నాను. నిరుడు ఇంకో బడిలో పదో తరగతి అమ్మాయి సూది వేయించుకున్నాక కళ్ళు తిరిగి పడిపోయింది. పొద్దున్నించీ ఏమీ తినలేదు, పైగా ముందున్న పిల్లలు ఏడుస్తుంటే చూసి బెదిరిపోయింది. నీళ్ళు తాగించి కాసేపు పడుకోబెడితే లేచి నడుచుకుంటూ ఇంటికెళ్ళింది. ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. కానీ "పడిపోయింది" అన్న మాటలో "పడి" మహేంద్రతనయ ఏట్లో కొట్టుకుపోయి, అవతల ఆంధ్రా వైపు పాతపట్నం ఒడ్డుకి "పోయింది" ఒక్కటే చేరింది. అక్కడ అది వాట్సాప్‌లో గొంతు పెంచుకుని మళ్ళీ మా ఊరికే వచ్చింది. పుట్టింటి నుంచి తిరిగొచ్చిన కోడల్లా, ఇదివరకటి కంటే గట్టిగా.

కాబట్టి మూఢనమ్మకమే కారణమని తేల్చేశాను. స్టాఫ్ రూములో పెద్ద గొంతుతో ఆ మాట అన్నాను కూడా. తల్లిదండ్రులని పిలిచి మీటింగు పెట్టి దంచేశాన్రా బొండాం! మన దేశంలో పోలియో ఆఖరి కేసు 2011 జనవరిలో హౌరాలో అన్నాను, 2014 మార్చిలో మనకి పోలియో లేదని సర్టిఫికెట్ ఇచ్చారన్నాను. కంఠసర్పి వస్తే గొంతులో బూడిదరంగు పొర కట్టి ఊపిరాడదన్నాను. ఆఖర్న "భయపడకండి, సూది వల్ల ఏమీ కాదు" అన్నాను. చప్పట్లు కొడతారనుకున్నాను. వెనకాల ఒకాయన లేచి, "ఆ గొంతు జబ్బు మనూళ్ళో ఎవలికొచ్చింది మాష్టారూ?" అన్నాడు. ఎవరికీ రాలేదు. సూదులు పనిచేస్తున్నాయి కాబట్టే రాలేదు అని చెప్పేలోపే ఆయన బయటికెళ్ళి బీడీ ముట్టించాడు. మర్నాటికి కాగితాలు ఎనిమిది నుంచి తొమ్మిదయ్యాయి. తొమ్మిదోది మా అటెండరుది.

అప్పుడు మా ఊరి ఆశా కార్యకర్త, మేం ఆశా దీదీ అంటాం, నన్ను చూసి జాలిపడింది. "మాష్టారూ, మీరు బళ్ళోకి పిలిస్తే అలగే బిగుసుకుపోతారు. చీకటి పడ్డాక నాతో రండి, మాట్లాడొద్దు, ఇనండి" అంది. మాట్లాడకుండా ఉండడం నాకెంత కష్టమో నీకు చెప్పక్కర్లేదు. కానీ వెళ్ళాను.

మూడో ఇల్లు జీడిపిక్కలు కొట్టే ఆమెది. కోతల రోజులు కదా, పగలంతా వరి కోసి అప్పుడే వచ్చింది. కొడవలి చూరులో దోపి, కాళ్ళు కడుక్కుంటోంది. ఆమె కొడుకు నా క్లాసులో చివరి బెంచీ, పడవ వాడు వీడే. నేనేదో అనబోతే దీదీ నా మోచెయ్యి గిల్లింది. ఆమే మొదలెట్టింది.

"నిరుడు మా పెద్ద గుంటకి ఏసినప్పుడు కూడా ఏటీ కాదన్నారు మాష్టారూ. రేత్రి ఒళ్ళు పెనంలా కాలిపోయింది. చెయ్యెత్తనేదు. నాను మర్నాడు పనిలోకెళ్ళనేదు, 350 పోయింది. మీకేటి, ఆదివారమైనా జీతమొస్తాది. ఏటీ కాదన్నోలు ఆ రేత్రి ఏరీ?"

నా దగ్గర జవాబు లేదు. నిజంగానే లేదు.

తర్వాత ఇంకో సంగతి బయటపడింది. చూడు, నేనెంత గుడ్డివాణ్ణో. ఆ కాగితం ఒడియాలో ఉంది. మా వాళ్ళు ఒడియా మాట్లాడతారు, సంతలో గీచిగీచి బేరమాడతారు, కానీ చాలామందికి చదవడం రాదు. ఆమెకి తెలుగే కూడబలుక్కుని చదవడం వచ్చు. నాలుగేళ్ళ కింద ఆమె మరిది ఎవరికో అప్పుకి చదవకుండా హామీ వేలుముద్ర వేసి, ఆ బాకీ ఇంకా కడుతున్నాడు. "పిల్లడికేటైనా అయితే మాదే పూచీ అని రాయించుకుంటన్నారు గదా" అంది. సూదంటే భయం కాదురా ఆమెకి. సంతకమంటే భయం. అడిగితే నాలుగిళ్ళలో ఇదే మాట.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గిడుగు రామమూర్తి గారు బతికిన ఊళ్ళో ఉంటున్నాను. జనం మాట్లాడే భాషలోనే రాయాలని జీవితమంతా పోట్లాడిన మనిషి. సవరలకి వాళ్ళ భాషలోనే పాఠాలు చెప్పాలని సవర నేర్చుకుని వాచకాలు రాశారు. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపితే ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేసి అరగంట ప్రసంగం చేసేది ఎవరు? నేనే. అయినా మా పిల్లల అమ్మలకి అర్థంకాని కాగితం పంపి, వాళ్ళనే మూఢులన్నాను. సర్లే.

పొద్దున్నే లేచి ఆ ఒడియా కాగితానికి వెనకాల తెలుగులో రాశాను. ఇదుగో, యథాతథంగా:

"శనివారం బళ్ళో మీ పిల్లలకి టీడీ సూది వేస్తారు. ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా. సూది వేసిన చెయ్యి ఒకట్రెండు రోజులు నొప్పి పెడుతుంది. కొంతమందికి జ్వరం వస్తుంది. వస్తే ఏ మాత్ర ఎంత వెయ్యాలో నర్సమ్మ చెప్తుంది. రాత్రయినా మాష్టారికి ఫోన్ చెయ్యండి, వస్తారు. ఇది అప్పు కాగితం కాదు, పూచీ కాగితం కాదు. ఇష్టం లేకపోతే వద్దని రాయండి, పిల్లల్ని బళ్ళో ఎవరూ ఏమీ అనరు."

మా హెడ్మాష్టారు కళ్ళజోడు పైకి తోసి, "వద్దనొచ్చు అని మనమే నేర్పితే ఎలాగయ్యా?" అన్నారు. వద్దనేవాళ్ళు ఎలాగూ అంటారు, ఇలాగైతే ఎందుకో కూడా చెప్తారు అన్నాను. కాసేపు గొణిగి ఒప్పుకున్నారు. ఇంకోటి కూడా ఒప్పించాను. మొదట గురువారం అనుకున్న సూది శనివారానికి మార్పించాం. మర్నాడు ఆదివారం, పిల్లలింట్లో ఉంటారు, అన్నయ్యో అక్కో చూసుకుంటారు, తల్లి పని పోదు. పైగా శనివారం మధ్యాహ్నం గుడ్డు కూర. గుడ్డు రోజు మా బళ్ళో గైర్హాజరనే మాటే ఉండదు. కడుపు నిండా తినిపించి సూది వేస్తే కళ్ళు తిరగవు. ఇది నర్సమ్మ ఐడియా, నా ఖాతాలో వెయ్యకు.

ఇప్పుడు నీ వంతొచ్చింది, కుదురుగా కూర్చో.

కొత్త కాగితం పట్టుకుని మళ్ళీ జీడిపిక్కలామె ఇంటికెళ్ళాం. చదివింది. వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివింది. చదివి, "మరి మీరేయించుకున్నారేటి?" అంది. పెద్దవాళ్ళక్కూడా పదేళ్ళకోసారి వేయించుకుంటే మంచిదట. నేను వేయించుకుని ఎన్నేళ్ళయిందో లెక్కేస్తే లెక్క నేరుగా నీ పనసచెట్టు దగ్గరికే పోయింది. "నాకూ వేస్తారా?" అని నర్సమ్మకి ఫోన్ చేస్తే, "మీకు పదా, పదహారా?" అని నవ్వి పెట్టేసింది. అంతకు రెండ్రోజుల ముందే బడి కంచె తీగ గీసుకుని మోచెయ్యి చీరుకుంది, దాన్నీ దాచుకుని తిరుగుతున్నాను. ఇక తప్పదని పాతపట్నం వెళ్ళి ఒక డాక్టరు దగ్గర వేయించుకున్నాను. కళ్ళు మూసుకుని పదిహేడో ఎక్కం చదివాను. పదిహేడు ఆర్లు దగ్గర అయిపోయింది.

ఆ సాయంత్రం మళ్ళీ వాళ్ళింటికి. చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించాను. ఆమె నమ్మలేదు. దగ్గరికొచ్చి, సూది చుక్క చూసి, రెండు వేళ్ళతో గట్టిగా నొక్కింది. నేను "ఓలమ్మో!" అన్నాను. పొయ్యి దగ్గరున్న ముసలమ్మ, పడవ వాడు, పక్కింటి పిల్లలు, అందరూ పగలబడి నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. "అయితే నిజంగానే నొప్పెడతాది" అంది. "పెడుతుందప్పా, రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేవు" అన్నాను. "అద్దీ, అలా చెప్పాల" అని కలం అడిగింది. చేతి వేళ్ళకి జీడి జిగురు మరకలు, నల్లగా. ఆ వేళ్ళతోనే సంతకం చేసింది, పూర్తి పేరు, మెల్లగా.

ఇంకొకాయనకి వేరే లెక్క ఉంది. బీడీ ఆయనే. "అందరికీ ఏత్తే జబ్బు తిరగదు గదా, మావోడికెందుకు?" అన్నాడు. మంచి ప్రశ్నరా అది! తట్టు లాంటి అంటుజబ్బుకైతే ఆ లెక్క కొంతవరకు పనిచేస్తుంది. ధనుర్వాతం మనిషి నుంచి మనిషికి రాదు. మట్టిలో, పేడలో ఉంటుంది. ఊరంతా వేయించుకున్నా మీవాడి కాల్లో దిగిన మేకు మీవాడిదే అన్నాను. ఆయన తన కాలు చూసుకున్నాడు. మడమ మీద పాత కొడవలి గాటు. ఏం మాట్లాడలేదు, కాగితం మాత్రం పంపాడు.

శనివారం మొదటి గంటకే నర్సమ్మ నీలం పెట్టెతో వచ్చేసింది. నేను దాని పక్కనే కూర్చున్నాను, నాకివన్నీ కొత్త. ఐసు ప్యాకులు తీసుకున్నప్పుడు పొద్దున్నే చెవి దగ్గర ఊపి, లోపల నీళ్ళు కదిలిన చప్పుడు వచ్చేదాకా ఆగి పెట్టుకొచ్చానంది. ఎందుకంటే ఈ మందు వేడెక్కినా పాడే, గడ్డకట్టినా పాడే. సీసా మీద గుండ్రం, దాని లోపల చిన్న చదరం. చదరం గుండ్రం కంటే లేతగా ఉన్నంతసేపే మందు పనికొస్తుందట. ఒకే సూది అందరికీ వేస్తారేమోనని ఒక తండ్రి అనుమానపడితే, సిరంజి ఒకసారి నొక్కాక పిడి బిగుసుకుపోయి వెనక్కి రాకపోవడం తనే లాగి చూపించింది. తర్వాత సూదిని చిన్న యంత్రంలో పెట్టి కటుక్కున కత్తిరించింది. ఆ కటుక్కుమన్న చప్పుడికి నా ప్రాణం పోయింది కానీ ఆయన ప్రాణం కుదుటపడింది.

వరసలో నిలబెట్టలేదు. పాత చీర అడ్డం కట్టి ఒక్కొక్కర్నీ లోపలికి పంపాం. తర్వాత అరగంట వేపచెట్టు కింద కూర్చోబెట్టాం. పడవ వాడు బయటికొచ్చి, "మాష్టారి కన్నా నానే నయం, అరవనేదు" అని ఊరంతా చాటాడు.

23 లో 19 మంది. ఇద్దరు అమ్మానాన్నలతో ఇటుక బట్టీలకెళ్ళారు, ఆ బట్టీ ఎక్కడో కనుక్కుంటున్నాం. ఇద్దరిళ్ళలో వద్దని రాశారు. ఒక తాత మాత్రం కారణం కూడా రాశాడు, అది చదివితే నాకే... అది ఇంకో ఉత్తరం. నేనేమీ అనలేదు. వచ్చే మమతా దివస్‌కి, అదే తల్లీపిల్లల ఆరోగ్య దినానికి, నర్సమ్మ వాళ్ళింటికి వెళ్తానంది.

ఇవాళ పొద్దుట ఆరింటికి ఫోను. ఇద్దరికి జ్వరం. వెళ్ళాను, థర్మామీటరు పట్టుకుని. ఒకడికి కొద్దిగా, ఇంకో అమ్మాయికి 101. దీదీ మాత్ర వేసింది, మధ్యాహ్నానికి గోళీలాడుతోంది. జీడిపిక్కలామె వాకిట్లో నిలబడి చూస్తూ, "ఈసారి ఉన్నారు" అంది. అంతే. నాకెందుకో గొంతు... వదిలెయ్.

ఒరేయ్, రేపు పొద్దున్న అయిదున్నర బస్సుకి మా బావమరిది శ్రీకాకుళం వెళ్తున్నాడు, వాడి చేతే పోస్టు చేయిస్తున్నాను. వాడప్పుడే లేచి "బావా, బేగియ్యి" అంటున్నాడు. తెల్లారిపోయిందన్నమాట. నీ ఆవిడకి ఆ పచ్చడి సంగతి చెప్పొద్దు, మొన్న...