ట్రెక్కింగ్ సంఘం వార్షిక నివేదిక 2025-26: ఎక్కిన కొండలు, అందని అనుమతులు

సభ్యులందరికీ నమస్కారం.

గత ఉగాది నుంచి ఈ ఉగాది దాకా మన సంఘం చేసిన పనులను, చేయాలనుకుని చేయలేకపోయిన పనులను సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నాను. ఆదాయ వ్యయాల పట్టిక ఆడిటర్ సంతకంతో కోశాధికారి గారు మీకు ముందే పంపారు కాబట్టి ఇక్కడ డబ్బు సంగతి ఎత్తను. తిరుపతిలో పొద్దున తలుపు తీస్తే కొండ కనబడుతుంది. ఆ కొండల్లోకి అడుగుపెట్టడానికి ఏడాది పొడుగునా కాగితాలు పట్టుకుని తిరిగాం. ఈ నివేదికలో ఎక్కువ భాగం ఆ తిరుగుడు గురించే.

ముక్కోటి సేవ

ఏప్రిల్‌లో తుంబురు తీర్థ ముక్కోటికి ఎప్పటిలాగే మన వలంటీర్లు వెళ్ళారు. కొత్తగా చేరినవాళ్ళ కోసం చెప్తున్నాను. శేషాచలం లోపలి తీర్థాల్లో కొన్నింటికి ఏడాదికి ఒక్కటే పర్వం, దాన్నే ముక్కోటి అంటాం. పుష్యమి కలిసిన పున్నమికి రామకృష్ణ తీర్థం, మఖ కలిసిన పున్నమికి కుమారధార, ఉత్తర ఫల్గుణి కలిసిన పున్నమికి తుంబురు తీర్థం. అప్పుడు పాపవినాశనం వైపు నుంచి అడవి దారి తెరుస్తారు. టీటీడీ అన్నప్రసాదం, మంచినీళ్ళు ఏర్పాటు చేస్తుంది. అటవీ సిబ్బంది, పోలీసులు దారిలో ఉంటారు. గుండె జబ్బు, ఆస్తమా, ఊబకాయం ఉన్నవాళ్ళు రావద్దని ముందే ప్రకటన ఇస్తారు.

తుంబురు కోన చివరికి వచ్చేసరికి రెండు నిలువు బండల మధ్య సందులోంచి నడవాలి. కింద నీళ్ళు, పాచి పట్టిన రాళ్ళు. మనవాళ్ళు అక్కడ తాడు కట్టి, దిగేవాళ్ళకి చేయందించారు. కడప వైపు నుంచి వచ్చిన ఒక ఆవిడ చెప్పులు కొంగున ముడేసుకుని, ఉత్త కాళ్ళతో నీళ్ళలోకి దిగి, "ఏం నాయనా, ఆ తాడు ఇట్టా ఇయ్యి" అని ఒక చేత్తో పట్టుకుని చకచకా దాటేసింది. అవతలి గట్టున నిలబడి, వెనక వస్తున్న కుర్రాళ్ళకి ఏ రాయి మీద అడుగు పెట్టాలో, ఏది కదులుతుందో చెప్తూ ఉంది. పదిహేనేళ్ళుగా వస్తోందట. ఈ కొండలు తెలిసినవాళ్ళు ఎలా ఉంటారో మన కుర్రాళ్ళు ఆ రోజు చూశారు.

వేలమంది నడిచిన ఆ దారి పున్నమి దాటగానే మూతపడుతుంది. అది తప్పని నేను అనడం లేదు. శేషాచలం 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించిన అడవి. ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ చుట్టుపక్కల కొండల్లోనే, దాని కోసం దొంగలు లోపలికి చొరబడుతూనే ఉన్నారు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నపిల్లను పొట్టన పెట్టుకున్న సంగతి మనలో ఎవరూ మరిచిపోలేరు. ఆ తర్వాతే పిల్లలతో నడిచేవాళ్ళకి వేళలు పెట్టారు, భక్తుల చేతికి కర్రలిచ్చారు. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి ముందు అన్నమయ్య జిల్లాలో అడవి దారిన గుండాలకోనకి నడిచి వెళ్తున్న భక్తులను ఏనుగులు తొక్కి చంపాయి. అడవికి కాపలా ఉండాలి, నియమం ఉండాలి. మన పేచీ నియమం ఉన్నందుకు కాదు. అది ఎక్కడ రాసి ఉందో, ఎవరిని అడగాలో, ఎన్నాళ్ళలో జవాబిస్తారో ఎవరూ చెప్పకపోవడం గురించి.

అర్జీ కథ

వర్షాకాలం వెళ్ళాక, అక్టోబరు తర్వాత, మన దగ్గర్లోని ఒక అభయారణ్యంలో పగటిపూట నడకకు అనుమతి కోరుతూ అర్జీ పెట్టాం. ఆ కార్యాలయం పేరు ఇక్కడ అనవసరం. ఏమడిగామో మాత్రం చెప్తాను. పాతకాలం నుంచి పశువుల కాపరులు, తేనె తీసేవాళ్ళు నడిచే బాట. పొద్దున వెలుతురొచ్చాక లోపలికి, సాయంత్రం వెలుతురుండగానే బయటికి. రాత్రి బస లేదు, పొయ్యి లేదు, ప్లాస్టిక్ లేదు. శాఖ వాళ్ళు ఎవరినైనా వెంట పంపితే వాళ్ళ రోజు కూలీ మేమే కడతామని రాశాం. దారి మ్యాపు, వచ్చేవాళ్ళ ఆధార్ నకళ్ళు, డాక్టరు సర్టిఫికెట్లు, బీమా కాగితాలు, ఏం జరిగినా బాధ్యత మాదేనని హామీపత్రం, అన్నీ జతపరిచాం.

అర్జీ తీసుకున్న గుమస్తా గారు ఇన్‌వార్డు ముద్ర వేసిచ్చారు. మనకి రాతపూర్వకంగా దక్కింది ఆ ముద్ర ఒక్కటే. కింది ఆఫీసులో అడిగితే "ఇది మా చేతిలో లేదు, పైవాళ్ళు చెప్పాలి" అన్నారు. పై ఆఫీసుకెళ్తే "కింది నుంచి రిపోర్టు రావాలి" అన్నారు. అధ్యక్షులవారు రిటైరయిన మాస్టారు, మోకాళ్ళ నొప్పి మనిషి. ఆయన కూడా మాతో కాళ్ళరిగేలా తిరిగారు. చివరికి ఒకాయన నిలబడే చెప్పేశారు: "ఎందుకండీ ఈ గొడవ, ఇవ్వరు. ఇచ్చాక ఏమైనా అయితే మా ఉద్యోగాలు పోతాయి." ఆయన భయం ఆయనది, నేను అర్థం చేసుకోగలను. కానీ అది నియమం కాదు.

అందుకని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేశాం. ట్రెక్కింగ్‌ని నిషేధిస్తూ గానీ, అనుమతిస్తూ గానీ ఉన్న ఉత్తర్వు నకలు ఇవ్వమని అడిగాం. అలాంటి ప్రత్యేక మార్గదర్శకాలు ఈ కార్యాలయంలో లేవని జవాబొచ్చింది. అంటే వద్దనే కాగితం లేదు, సరేననే కాగితమూ లేదు. చట్టం మాత్రం ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ అభయారణ్యంలోకి ఎవరు పడితే వాళ్ళు వెళ్ళకూడదంటుంది. ఆ వెంటనే 28వ సెక్షన్, అనుమతి ఏయే పనులకి ఇవ్వవచ్చో చెప్తుంది. అధ్యయనం, ఫొటోలు, పరిశోధనతో పాటు పర్యటన కూడా ఆ జాబితాలో ఉంది. చట్టం తలుపు పెట్టింది. ఆ తలుపు దగ్గర మనిషిని కూర్చోబెట్టలేదు.

ఈలోగా నడక తేదీ దాటిపోయింది. మాట్లాడుకున్న వ్యాన్‌కి అడ్వాన్సు పోయింది, సభ్యుల డబ్బు సంఘం నిధి నుంచి తిరిగి ఇచ్చాం. సెలవులు పెట్టుకున్నవాళ్ళ టెన్షన్, పెద్దవాళ్ళని పిల్లల కాపలాకి ఊళ్ళ నుంచి పిలిపించుకున్న ఆడవాళ్ళ అవస్థ, ఇవేవీ లెక్కల పట్టికలోకి రావు.

కేదార్‌కంఠ

డిసెంబరులో కేదార్‌కంఠ శిఖరం ఎక్కడానికి ఉత్తరాఖండ్ వెళ్ళాం. ఆ ప్రయాణంలో నన్ను ఎక్కువ కదిలించింది శిఖరం కాదు, ఒక చెక్‌పోస్టు. డెహ్రాడూన్ నుంచి ముస్సోరీ, పురోలా, మోరీ మీదుగా సాంక్రీకి పోయే దారిలో నైట్వాడ్ అని ఊరుంది. గోవింద్ వన్యప్రాణి అభయారణ్యం ముఖద్వారం అది. మంకీ క్యాప్ పెట్టుకున్న అటవీ ఉద్యోగి కిటికీ వెనక కూర్చుని గుర్తింపు కార్డులు చూశాడు, రిజిస్టర్లో పేర్లు రాసుకున్నాడు, ఫీజు తీసుకున్నాడు, రశీదు చింపి ఇచ్చాడు. టీ తాగినంతసేపు పట్టలేదు. అదీ అభయారణ్యమే. అక్కడా అదే 1972 చట్టం. మంచు చిరుతలుండే కొండలవి. తిరుపతి నుంచి రెండు రైళ్ళు మారి వచ్చినవాళ్ళకి అక్కడ పది నిమిషాల్లో అయిన పని, మన ఊళ్ళో నెలల తరబడి కాలేదు.

అలాగని అక్కడ అంతా విచ్చలవిడి కాదు. పచ్చికబయళ్ళలో, వాళ్ళు బుగ్యాల్ అంటారు, రాత్రి బస చేయకూడదని ఉత్తరాఖండ్ హైకోర్టు 2018 ఆగస్టులో ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వుతో అక్కడి గైడ్లు, గుర్రాలవాళ్ళు చాలా ఇబ్బంది పడ్డారు. అయినా నియమం అందరికీ తెలుసు. ఏది కుదురుతుందో ఏది కుదరదో బయల్దేరకముందే మనకి తెలుస్తుంది.

శిఖరం సంగతికొస్తే, 12,500 అడుగులు. జూడా కా తాలాబ్ దగ్గర చెరువు గడ్డకట్టి ఉంది. చివరి రోజు తెల్లవారుజామున మూడింటికే హెడ్‌ల్యాంపులతో బయల్దేరి, బూట్లకి మైక్రోస్పైకులు, అంటే జారకుండా ఉండే ఇనప ముళ్ళు, తగిలించుకుని మంచు మీద నడిచాం. పైన చిన్న శివుడి గుడి, త్రిశూలం. ఎండ పొడిచేసరికి స్వర్గారోహిణి, బందర్‌పూంఛ్ శిఖరాలు వరసగా కనిపించాయి. తల తిప్పి వాంతులైన ఒక సభ్యురాలిని గైడ్ సలహా మీద దారిలోంచే కిందకి దించాం. ఆమెతో పాటు దిగిపోయిన సభ్యుడికి శిఖరం ఎక్కినవాళ్ళందరి తరఫున ఇక్కడ కృతజ్ఞతలు చెప్పుకోవాలి.

భువనగిరి శిక్షణ

ఎప్పటిలాగే భువనగిరి ఏకశిల మీద రాక్ క్లైంబింగ్ శిక్షణ జరిపించాం. మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కేముందు తొలి పాఠాలు నేర్చుకున్నది ఆ బండ మీదే. అక్కడ శిక్షణకి ఏర్పాటు ఉంది కాబట్టి అనుమతి తలనొప్పి రాలేదు. ఫిగర్ ఎయిట్ ముడి, బిలే (ఎక్కేవాళ్ళు పడకుండా కింద తాడు పట్టడం), ర్యాపెల్ (తాడు పట్టుకుని బండ దిగడం) కొత్తవాళ్ళకి బాగానే వచ్చాయి. మన పక్క నెల్లూరు జిల్లా బిడ్డ, 2006లో ఏడు ఖండాల శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన మల్లి మస్తాన్‌బాబు గురించి రాత్రి పిల్లలకి చెప్పుకున్నాం.

పక్క రాష్ట్రాలు ఏం చేశాయి

ఇది అందరూ శ్రద్ధగా చదవాలని నా మనవి. కర్ణాటకలో కుమార పర్వతం పుష్పగిరి అభయారణ్యంలో ఉంది. 2024 జనవరి సెలవుల్లో అక్కడ జనం తిరనాళ్ళలాగా ఎగబడ్డారు. ప్రభుత్వం ట్రెక్కింగ్ ఆపేసింది. ఆపి ఊరుకోలేదు. ఆన్‌లైన్ బుకింగ్ పెట్టి, రోజుకి 300 మందికి మించకుండా పరిమితి విధించి, అదే ఏడాది మళ్ళీ తెరిచింది. తమిళనాడులో 2018 మార్చిలో కురంగణి కొండల్లో కార్చిచ్చుకి ఇరవై మందికి పైగా ట్రెక్కర్లు చనిపోయారు. అంత ఘోరం జరిగాక శాశ్వతంగా మూసేసినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. వాళ్ళు నిబంధనలు రాసుకున్నారు. 2024లో 40 దారులతో సొంత ట్రెక్కింగ్ పథకం మొదలుపెట్టారు. కొండ పల్లెల కుర్రాళ్ళకి శిక్షణ ఇచ్చి గైడ్లుగా పెట్టారు. కార్చిచ్చు కాలంలో దారులు మూస్తారు.

అంతదూరం ఎందుకు, మన తలకోనలో నెరబైలు వనసంరక్షణ సమితి వాళ్ళు పర్యాటకాన్ని నడిపి చూపించారు. వచ్చినవాళ్ళ డబ్బులో కొంత ఆ ఊరికే దక్కితే, ఆ ఊరివాళ్ళే అడవికి కాపలా అవుతారు. దీన్ని నేను గట్టిగా నమ్ముతాను.

నియమం రాసి పెట్టకపోతే ఏమవుతుందో కూడా చూస్తున్నాం. ఇన్‌స్టాగ్రామ్‌లో "హిడెన్ వాటర్‌ఫాల్" అని పోస్టు పెట్టి, తలకింత వసూలు చేసి, చీకట్లో కుర్రాళ్ళని దొంగదారిన తీసుకెళ్ళేవాళ్ళు తయారయ్యారు. తాళ్ళు లేవు, డాక్టరు లేడు, ఇంట్లో చెప్పి వచ్చినవాడు లేడు. ఎవరైనా మడుగులో మునిగిపోతే మర్నాటి నుంచి అందరికీ దారులు మూస్తారు. అర్జీ పెట్టి జవాబు కోసం కూర్చున్నవాళ్ళం, గోడ దూకినవాళ్ళతో పాటు శిక్ష అనుభవిస్తున్నాం. "మనమూ అలాగే వెళ్ళొద్దామండీ, ఎవరికి తెలుస్తుంది" అని ఈ ఏడాది ఒకరిద్దరు సభ్యులు అడిగారు. కార్యవర్గం ఒప్పుకోలేదు, ఇకముందు కూడా ఒప్పుకోదు. అనుమతి లేకుండా రక్షిత అడవిలోకి వెళ్ళినట్టు తేలితే ఎంత పాతవారైనా సభ్యత్వం రద్దవుతుంది.

సమావేశం ముందుకు వచ్చే తీర్మానాలు

మొదటిది, పగటి నడకకు అనువైన దారులు కొన్నింటిని గుర్తించి, రోజుకి ఎంతమందిని పంపవచ్చో, ఏ నెలల్లో మూయాలో, ఫీజు ఎంతో రాసి ప్రకటించాలని ఆంధ్ర, తెలంగాణ రెండు రాష్ట్రాల అటవీ శాఖలకు వినతిపత్రం. పెట్టిన అర్జీకి గడువులోగా అవుననో కాదనో కారణంతో సహా రాతపూర్వకంగా జవాబివ్వాలన్నది అందులో ముఖ్యమైన కోరిక. ముసాయిదా మీ అందరికీ పంపాం, సవరణలుంటే సమావేశంలో చెప్పండి. నల్లమలలో పులుల అభయారణ్యం కోర్ ప్రాంతాన్ని ఈ వినతిలో చేర్చవద్దని నా అభిప్రాయం. అది పులులది, అక్కడి చెంచులది. కొందరు సభ్యులు నాతో ఏకీభవించడం లేదు, కాబట్టి ఓటింగు పెడదాం.

రెండోది, ముక్కోటి సేవకు వలంటీర్ల సంఖ్య పెంచడం, వాళ్ళకి ప్రథమ చికిత్స శిక్షణ తప్పనిసరి చేయడం.

మూడోది, ఈ అక్టోబరులో కుమార పర్వతం ప్రయాణం. బుకింగ్ పేరుపేరునా చేయాలి కాబట్టి, వచ్చేవాళ్ళు గుర్తింపు కార్డు నకలు, డాక్టరు సర్టిఫికెట్ ఆగస్టు నెలాఖరులోగా ఆఫీసులో ఇవ్వాలి. ఆ తర్వాత ఇచ్చినవాళ్ళ పేర్లు చేర్చడం కుదరదు.

ఇట్లు,
కార్యదర్శి