బియ్యంలో రాసిన పేరు రిజిస్టరులోకి ఎక్కడం లేదు

సంపాదకులకు నమస్కారం.

నేను గోదావరి జిల్లాల్లో ఒక చిన్న మునిసిపల్ ఆఫీసుకి ఎదురుగా జిరాక్స్ షాపు పెట్టుకుని 19 ఏళ్లయింది. జిరాక్సులు తీయడంతో పాటు దరఖాస్తులు కూడా నింపిపెడతాను. ఇంటి పన్నులో పేరు మార్పు, కుళాయి కనెక్షన్, ఖాళీ స్థలం పన్ను, ట్రేడ్ లైసెన్సు, ఏదైనా సరే రోడ్డు దాటి ఆఫీసులోకి వెళ్లే కాగితం ముందు నా బల్ల మీద కాసేపు ఆగుతుంది. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. ఒక ఆఫీసునో ఒక ఉద్యోగినో వేలెత్తి చూపించాలని ఈ ఉత్తరం రాయడం లేదు.

మునిసిపాలిటీల గురించి మీ పత్రికలో రోజూ ఏదో ఒకటి వస్తుంది. పూడిక తీయని డ్రైన్లు, వెలగని వీధిదీపాలు, రంగు మారిన కుళాయి నీళ్లు, వీధికుక్కలు. అవన్నీ రాయాల్సినవే. కానీ ఆ ఆఫీసులోనే జనన మరణాల కౌంటరు ఒకటి ఉంటుంది. దాని ముందు నిలబడే వాళ్ల గురించి ఎవరూ రాయగా నేను చూడలేదు. అందుకే నేను రాస్తున్నాను.

పోయిన శుక్రవారం ఒకమ్మాయి పాపని చంకనేసుకుని వచ్చింది. పాప అప్పుడప్పుడే నిలబడుతోంది, నా బల్ల అంచు పట్టుకుని అడుగులు వేస్తోంది. వాళ్లు ఉండేది హైదరాబాదులో, కూకట్‌పల్లి వైపు. పురుడు పోసుకోవడానికి ఇక్కడికి, పుట్టింటికి వచ్చింది. "ఆంటీ, దీన్ని మూడు కాపీలు తీయండి, పాపకి ఆధార్ తీయించాలి" అని జనన ధ్రువపత్రం ఇచ్చింది. కాగితాన్ని గాజు మీద పెట్టబోతూ చూశాను. తండ్రి పేరుంది, తల్లి పేరుంది, ఆసుపత్రి పేరుంది. బిడ్డ పేరు ఉండాల్సిన చోట చిన్న గీత.

"పాప పేరేంటమ్మా?" అని అడిగాను. చెప్పింది. చక్కటి పేరు. "మరి ఇందులో లేదేంటి?" అన్నాను. ఆ పిల్ల కాగితం తీసుకుని పైనుంచి కిందికి రెండుసార్లు చదివింది. ఎనిమిది నెలలుగా బీరువాలో ప్లాస్టిక్ కవరులో దాచుకున్న కాగితం అది. బీటెక్ చదివిన అమ్మాయి. తను ఇంతవరకు గమనించనే లేదు.

వారానికి ఇద్దరు ముగ్గురైనా ఇలాంటి వాళ్లు నా దగ్గరికి వస్తారు. తప్పు ఎవరిదని నేను చాలాసార్లు ఆలోచించాను. నాకు అర్థమైనంతవరకు ఇది మన ఆచారానికీ చట్టానికీ మధ్య ఉన్న చిన్న సందులో జరిగిపోతోంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం బిడ్డ పుట్టిన 21 రోజుల్లోగా సమాచారం అందాలి. కాన్పు ఆసుపత్రిలో అయితే ఆ సమాచారం పంపాల్సిన బాధ్యత ఆసుపత్రిదే. వాళ్లు నాలుగైదు రోజుల్లోనే, తల్లి ఇంకా మంచం మీద ఉండగానే పంపేస్తారు. అది మంచిదే. కానీ మనవాళ్లు బిడ్డకి పేరు పెట్టేదెప్పుడు? పదకొండో రోజు పురుడు, 21వ రోజు బారసాల. కొన్ని ఇళ్లల్లో ముహూర్తం కుదరక మూడో నెల దాకా ఆగుతారు. పళ్లెంలో బియ్యం పోసి, బంగారు ఉంగరంతో బిడ్డ పేరు రాసి, నలుగురి చేతా అక్షింతలు వేయిస్తారు. ఆ వేళకి రిజిస్టరులో నమోదు పూర్తయిపోయి ఉంటుంది, పేరు లేకుండా.

చట్టం చేసినవాళ్లు దీన్ని ఊహించకపోలేదు. పేరు లేకుండా నమోదైన బిడ్డకి, నమోదు తేదీ నుంచి 12 నెలల్లోగా పేరు ఎక్కించుకోవచ్చు, రుసుము లేదు. ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుము కట్టి ఎక్కించుకోవచ్చు. పేరు సంగతి తల్లిదండ్రులు నోటితో చెప్పినా సరే, రాసిచ్చినా సరే అని చట్టంలోనే ఉంది. ఇంత దయగా రాసిన చట్టం గురించి బాలింతకి చెప్పే మనిషే లేడు. ఆసుపత్రిలో చెప్పరు, సర్టిఫికెట్టు ఇచ్చేటప్పుడు చెప్పరు. చెప్పకూడదని కాదు, వరసలో ఇంకా ముప్పైమంది ఉంటారు.

ఇక్కడ ఇంకో సంగతి. నమోదు జరిగేది మనం కాపురం ఉండే ఊళ్లో కాదు, బిడ్డ పుట్టిన ఊళ్లో. తొలి కాన్పు పుట్టింట్లో అన్నది మన ఇళ్లల్లో ఇంకా పోలేదు, పోకూడదు కూడా. మూడో నెలలోనో ఐదో నెలలోనో సారెతో అత్తారింటికి వెళ్లిపోయిన పిల్ల కాగితం మాత్రం పుట్టింటి మునిసిపాలిటీలోనే ఉండిపోతుంది. చుట్టుపక్కల మండలాల నుంచి, లంక గ్రామాల నుంచి కూడా కాన్పులకి మా ఊరి ఆసుపత్రులకే వస్తారు. వాళ్ల పిల్లలు కూడా మా మునిసిపాలిటీ రిజిస్టరులోనే ఎక్కుతారు. ఆ కౌంటరులో కూర్చునే ఒక్క మనిషి మా ఊరికే కాదు, చుట్టూ ఉన్న పల్లెలన్నిటికీ పని చేస్తున్నట్టు. చావు కాగితాలు కూడా అక్కడే. వితంతు పింఛను కోసం వచ్చినావిడా, బిడ్డ పేరు కోసం వచ్చినావిడా ఒకే వరసలో నిలబడతారు. సోమవారం గ్రీవెన్స్ రోజున ఆ వరస మెట్ల దాకా వచ్చేస్తుంది. ఆ ఉద్యోగి మధ్యాహ్నం రెండున్నరకి డబ్బా తెరవడం ఇక్కడి నుంచి నేను చూస్తూనే ఉంటాను.

నా ఇంటి సంగతి కూడా చెప్పాలి. మా అమ్మాయి 2003లో పుట్టింది, వేరే ఊళ్లో, మా అమ్మగారింట్లో. దాని జనన ధ్రువపత్రంలోనూ పేరు లేదు. నాకు తెలిసింది ఎప్పుడో చెబితే బాధేస్తుంది. 2024లో, పాస్‌పోర్టుకి కాగితాలు సర్దుతుంటే. 15 ఏళ్ల గడువు 2018తోనే అయిపోయింది. అప్పటికి పదకొండేళ్లుగా నేను ఊళ్లోవాళ్ల పిల్లలకి దరఖాస్తులు రాసిపెడుతున్నాను, నా బిడ్డది తెరిచి చూడలేదు. ఆ ఆఫీసుకి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి రిజిస్టరు దొరకలేదన్నారు. రెండోసారి దొరికింది కానీ గడువు దాటిందన్నారు. చివరికి దాన్ని గట్టెక్కించింది పదో తరగతి సర్టిఫికెట్టు. పుట్టిన తేదీకి దాన్ని రుజువుగా తీసుకున్నారు.

నేను భయపడుతున్నది ఇక్కడే. ఇప్పుడు పుట్టే పిల్లలకి ఆ దారి ఉండదు. ఆ చట్టాన్ని 2023లో సవరించారు. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ రోజున, ఆ తర్వాత పుట్టిన వాళ్లకి బడిలో చేరడానికి, డ్రైవింగ్ లైసెన్సుకి, ఓటరు జాబితాకి, పెళ్లి రిజిస్ట్రేషనుకి, ప్రభుత్వ ఉద్యోగానికి, పాస్‌పోర్టుకి పుట్టిన తేదీ, పుట్టిన చోటు రుజువు చేసేది జనన ధ్రువపత్రమే. పాస్‌పోర్టు నిబంధనలను కూడా 2025 ఫిబ్రవరిలో ఆ ప్రకారమే మార్చారు. మా జిల్లాల నుంచి గల్ఫుకి వెళ్లేవాళ్లు ఎంతమందో మీకు తెలియనిది కాదు. పాస్‌పోర్టు లేని ఇల్లు తక్కువ ఇక్కడ. ఆ తేదీ తర్వాత పుట్టిన పిల్లలు ఇప్పుడిప్పుడే అంగన్‌వాడీ మెట్లెక్కే వయసుకి వస్తున్నారు. పేరు లేని కాగితాలతో వాళ్లు ఒకేసారి బడి ముందు నిలబడే రోజు దగ్గర్లోనే ఉంది.

పేరు ఎక్కించే ముందు ఇంట్లోవాళ్లు కూర్చుని ఇంగ్లీషు స్పెల్లింగు తేల్చుకోవాలి. ఇది నేను అందరికీ చెప్పే మాట. సంఖ్యాశాస్త్రం ప్రకారం ఒక 'హెచ్' కలుపుతామని, ఒక 'ఎ' ఎక్కువ పెడతామని తర్వాత వస్తారు. అచ్చుతప్పు దిద్దడం వేరు, పేరు మార్చడం వేరు. ఎక్కించాక పేరు మార్చడం చాలా కష్టం. ఇంటిపేరు పూర్తిగా రాయాలా, ఒక్క అక్షరం పెట్టాలా అన్నది కూడా అప్పుడే అనుకోవాలి. తల్లి పేరు దగ్గర ఇంకో చిక్కుంది. ఆధార్‌లో ఆవిడకి పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది కాబట్టి ఆసుపత్రిలో అదే రాస్తారు. రెండేళ్లకి ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు మార్పించుకుంటుంది. బిడ్డ కాగితంలో ఉన్న తల్లీ, బడికి వచ్చిన తల్లీ ఒకరేనని అప్పుడు రుజువు చేసుకోవాల్సి వస్తుంది. కన్నతల్లి నేనేనని నోటరీ కాగితం మీద రాసిమ్మంటే ఒకావిడ నా షాపులో స్టూలు మీద కూర్చుని ఏడ్చింది. ఆ ఏడుపు నాకింకా గుర్తుంది.

వీళ్ల తెలియనితనం మీద బతికే మనుషులు కూడా ఉన్నారు. ఉచితంగా జరగాల్సిన పనికి రూ.1,500 అడిగినవాళ్లని చూశాను. నమోదు అయ్యాక ఏడు రోజుల్లోగా ధ్రువపత్రం ఉచితంగా ఇవ్వాలని సవరించిన చట్టం చెబుతోంది. రిజిస్ట్రారు నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లోగా జిల్లా రిజిస్ట్రారుకి అప్పీలు చేసుకోవచ్చు. ఈ రెండు ముక్కలూ ఆ కౌంటరు మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసిపెడితే దళారీకి పని సగం తగ్గుతుంది. బోర్డుకి రెండు వేలు కూడా కాదు.

దీనికి కొత్త పథకం అక్కర్లేదు, కొత్త ఉద్యోగమూ అక్కర్లేదు. ఉన్న మనుషులే చాలు. ఆసుపత్రిలో కాన్పయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త ఆరుసార్లు వెళ్లాలి: 3, 7, 14, 21, 28, 42 రోజులకి. 21వ రోజంటే మన బారసాల రోజే! 28వ రోజున బిడ్డని తూచేటప్పుడు "పేరు పెట్టారా, మునిసిపాలిటీలో ఎక్కించారా?" అని ఒక్క మాట అడగమనండి. అప్పటికి తల్లి ఇంకా పుట్టింట్లోనే, నమోదైన ఊళ్లోనే ఉంటుంది. అది దాటిపోతే తొమ్మిదో నెలలో తట్టు, రుబెల్లా టీకా ఉంది. దానికి అందరూ తీసుకొస్తారు. అప్పటికి రుసుము లేని గడువు ఇంకా మూడు నెలలు ఉంటుంది. టీకాల కార్డు మీద ఒక రబ్బరు ముద్ర చాలు: "జనన ధ్రువపత్రంలో పేరు చూసుకున్నారా?" అని. మా వార్డు సచివాలయంలో ఏఎన్ఎం అమ్మాయితో ఈ మాట అంటే, "చెప్పమంటే చెబుతామండీ, మాకెవరూ చెప్పలేదు" అంది.

అందుకే మునిసిపల్ కమిషనర్లకీ కౌన్సిలర్లకీ నా మనవి. కౌన్సిల్ ఉన్నా, ప్రత్యేకాధికారి పాలన ఉన్నా, ఒక్క సమావేశంలో ఈ సంగతి అజెండాలో పెట్టండి. ఈ ఏడాది మన రిజిస్టరులో పేరు లేకుండా ఎంతమంది పిల్లలున్నారో లెక్క తీయించండి. నమోదు ఫారంలో తల్లిదండ్రుల ఫోన్ నంబరు ఉంటే, పదో నెలలో ఒక మెసేజ్ పంపించండి. ఇంటి పన్ను బకాయికి పంపుతున్నారు కదా, దీనికీ పంపొచ్చు. వేరే ఊళ్లో కాపురముంటున్న వాళ్లు రెండేసి మూడేసి సార్లు బస్సెక్కి రాకుండా కావలసిన కాగితాలేమిటో ఒకేసారి రాసివ్వండి. ఆసుపత్రి వాళ్లకీ చెప్పేది అదే. డిశ్చార్జి చేసేటప్పుడు మందుల చీటీతో పాటు ఈ నాలుగు మాటలున్న కాగితం ఒకటి చేతిలో పెట్టండి.

మీ పత్రికని కూడా ఒకటి అడుగుతాను. జిల్లా పేజీలో బంగారం ధరలు, రైళ్ల వేళలు వేస్తారు కదా. నెలకొకసారి ఒక చిన్న పెట్టెలో "మీ బిడ్డ జనన ధ్రువపత్రంలో పేరు ఉందా? 12 నెలల్లోపు రుసుము లేదు" అని వేయండి. చదివినవాళ్లు బీరువా తెరిచి చూస్తారు.

కూకట్‌పల్లి అమ్మాయికి నమోదు తేదీ చూస్తే గడువు ఇంకా 19 రోజులుంది. దరఖాస్తు ఆ పూటే రాసిచ్చాను. కౌంటరులో తండ్రి సంతకం కూడా కావాలన్నారు. ఆయన హైదరాబాదులో ఉద్యోగంలో ఉన్నాడు. ఫోనులో మాట్లాడి, సంతకం పెట్టి కాగితాన్ని బస్సు పార్సిల్లో పంపమని చెప్పాం. సోమవారం వస్తుందన్నాడు. ఆ అమ్మాయి పాపతో పుట్టింట్లోనే ఆగింది.

ఇట్లు,
మునిసిపల్ ఆఫీసు ఎదురుగా జిరాక్స్ షాపు నడిపే ఒక తల్లి